హైదరాబాద్‌ల హైకోర్టు, ఉస్మానియా దవాఖాన గీసిన విన్సెంట్ ఎష్ గురించి తెలిసినోళ్లు చెప్పుండ్రి, అసలు కట్టింది ఎవరు?

నయాపూల్_పోరడు:
అన్నలకు అక్కలకు నమస్తే. మా నాయన ముప్పై ఏండ్లు ఒక వకీల్ సాబ్ దగ్గర గుమాస్తా పని చేసిండు, చిన్నప్పుడు సెలవులల్ల నన్ను గూడ హైకోర్టుకు తోలుకపోతుండె, నేను ఆ ఎర్రరాయి కమాన్ల కింద కూసోని టిఫిన్ డబ్బ తినేటోన్ని, గుమ్మటాల మీద పావురాలు లెక్కపెట్టేటోన్ని. ఇప్పుడు మా బిడ్డ ఏడో తరగతి. స్కూల్ల మీ ఊరి కట్టడం ఒకటి తీసుకోని రాయమన్నరు, ఆమె హైకోర్టు అన్నది. నాయినా దీన్ని ఎవరు కట్టిండ్రు అని అడిగితే నిజాం అని చెప్పిన. నిజాం కట్టిపిచ్చిండు, కట్టింది ఎవరు అని మళ్ల అడిగింది. నాకు జవాబు రాలే, ఇన్నేండ్లు ఆ నీడల తిరిగి గూడ ఆ ముచ్చట నాకు తెల్వదు.

నెట్‌ల చూస్తె ఒకదగ్గర విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషాయన అని ఉన్నది, ఇంకోదగ్గర జైపూర్ శంకర్‌లాల్ ప్లాన్ గీసిండు, మెహర్ అలీ ఫాజిల్ అనే మన ఇంజినీరు కట్టిండు అని ఉన్నది. ఏది కరెక్టు? ఈ ఎష్ అనేటాయన యాడికెల్లి వచ్చిండు, ఇంకేం కట్టిండు, తర్వాత ఏమైండు? బిడ్డ సోమవారం ఇయ్యాలె. అదిగాక కోర్టు రాజేంద్రనగర్‌కు పోతదంటున్నరు, మా నాయనకు దాని మీద బెంగ ఉన్నది, ఆయన ఉన్నప్పుడే మనుమరాలికి మొత్తం చూపియ్యాలని నాది గూడ ఆశ.

---

మూసీ_పాత_బొమ్మలు:
మంచి ప్రశ్న తమ్మీ, మీ పాప చాలా సరైన చోట పట్టుకుంది. నేను మూసీ పాత ఫోటోలు, మ్యాపులు పోగేస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా, కాస్త పెద్దదవుద్ది.

ముందు వరద నుంచి మొదలుపెట్టాలి, అది లేకుండా ఈ కట్టడాలు లేవు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది, సుమారు 15 వేల మంది పోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఓ నూట యాభై మంది బతికారు, ఆ చెట్టు ఇంకా ఉంది, పాపకి తప్పకుండా చూపించు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నదికి పైన చెరువులు కట్టాలని చెప్పారు, అలా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ పాతికేళ్ల వయసులో గద్దెనెక్కారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. వరద ఊడ్చేసిన ఒడ్డున పెద్ద సర్కారీ బిల్డింగులు లేపాలి, అవి చూస్తే ఇది మన ఊరు అనిపించాలి, అదీ ఉద్దేశం. దానికి ఆర్కిటెక్ట్ కావాల్సొచ్చి 1914లో కలకత్తా నుంచి పిలిపించిన మనిషే విన్సెంట్ జెరోమ్ ఎష్. పుట్టింది లండన్ దగ్గర బ్లాక్‌హీత్‌లో, 1876లో, అంటే హైదరాబాద్ దిగేసరికి ముప్పై ఎనిమిదేళ్లు.

ఇక్కడ ఆయన పేరు మీద ఉన్న పెద్ద పనులు నాలుగు. కాచిగూడ రైల్వే స్టేషన్ (1916), హైకోర్టు, దాని పక్కనే సిటీ హైస్కూల్ అంటే ఇప్పటి సిటీ కాలేజీ (1921), అవతలి ఒడ్డున ఉస్మానియా దవాఖాన. హైకోర్టు పని 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31కి అయిపోయింది, 1920 ఏప్రిల్ 20న నిజాం ప్రారంభించారు. దవాఖాన 1920ల్లోకి సాగింది.

నయాపూల్ మీద నిలబడి చూస్తే ఒక పక్క కోర్టు, ఒక పక్క దవాఖాన, మధ్యలో నది. ఊరిని ముంచిన నదికి అటొకటి ఇటొకటి, న్యాయానికి ఒకటి, వైద్యానికి ఒకటి. నేను ఇరవై ఏళ్లుగా ఆ వంతెన మీద ఆగి చూస్తున్నా, ఒకే చేతిరాత రెండు ఒడ్డుల మీద కనపడినట్టు ఉంటుంది నాకు. రెండింటినీ కలిపి ఫోటో తీయడం మాత్రం ఇప్పటికీ కుదర్లేదు.

కాచిగూడ చాలామంది పట్టించుకోరు, రైలెక్కే హడావుడిలో తలెత్తి చూడరు. పైన మధ్య గుమ్మటం, పక్క గుమ్మటాలు, మీనార్లు, చూస్తే ఏదో పాత మహల్ అనుకుంటాం, కానీ దానికి కాంక్రీటు వాడాడు, ముక్కలు ముందే అచ్చుల్లో పోసి తెచ్చి నిలబెట్టారు, 1916లో! మన దగ్గర అప్పటికి ఇళ్లన్నీ సున్నమూ రాయే. పరదా పాటించే ఆడవాళ్లకి వేరే దారి కూడా ఉండేది ఆ స్టేషన్‌లో.

శంకర్‌లాల్ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు చెప్తారు.

---

ఖరగ్‌పూర్_తెలుగువాడు:
కలకత్తా రోజుల గురించి నేను కలపొచ్చా అండి. మాది శ్రీకాకుళం వైపు, కానీ మా ముత్తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికొచ్చి ఖరగ్‌పూర్‌లో ఉండిపోయారు, మా వాడలో ఇప్పటికీ సగం మంది తెలుగోళ్లే, అందరూ అదే బీఎన్నార్ పుణ్యమా అని వచ్చినోళ్లే. ఎష్ దొర కూడా ఇండియాలో మొదట పని చేసింది అదే రైల్వేలో, 1899 ప్రాంతంలో అసిస్టెంట్ ఇంజినీరు! నాకు ఈ సంగతి తెలిసిన రోజు మా నాన్నగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. కలకత్తా గార్డెన్ రీచ్‌లో హుగ్లీ ఒడ్డున బీఎన్నార్ హెడ్డాఫీసు ఉంది చూడండి, ఇప్పుడు సౌత్ ఈస్టర్న్ రైల్వే ఆఫీసు, అది ఎష్ గీసిందే, మా నాన్నగారు డ్యూటీ పని మీద అందులోకి ఎన్నిసార్లు వెళ్లారో. బెంగాల్ క్లబ్ కొత్త బిల్డింగూ ఆయనదే.

కానీ ఆయన జీవితంలో పెద్ద మలుపు విక్టోరియా మెమోరియల్. దాన్ని గీసింది విలియం ఎమర్సన్, పెద్ద పేరున్న మనిషి, లండన్‌లో ఉండేవాడు. 1902లో ఎమర్సన్ తొలి డిజైన్ బొమ్మలు గీయడానికి ఎష్‌ని పెట్టుకున్నాడు. ఆ చలికాలంలోనే 1903 ఢిల్లీ దర్బారు కోసం ఎగ్జిబిషన్ బిల్డింగ్ ఒకటి కట్టాలి, తాత్కాలికమైనదే, దాన్ని ఎష్ గబగబా కట్టి చూపించాడు, పై వాళ్లకి నచ్చింది, దాంతో విక్టోరియా మెమోరియల్‌కి సూపరింటెండింగ్ ఆర్కిటెక్ట్ అయ్యాడు. అంటే సైటు మీద ఉండేది ఆయనే. 1906 జనవరి 4న శంకుస్థాపన, 1921 డిసెంబరు 28న ప్రారంభం, మక్రానా పాలరాయి, మార్టిన్ కంపెనీ రాజేంద్రనాథ్ ముఖర్జీ కాంట్రాక్టు. ఉత్తరం వైపు వంతెన, తోట గేట్లు ఎష్ సొంతంగా గీసినవి. మిగతా అంతా ఎమర్సన్ పేరు మీదే ఉంది.

ఇప్పుడు పోరడు గారు అడిగిన దానికి నా మనసులో మాట చెప్తాను. కలకత్తాలో లండన్ నుంచి కాగితం వస్తే రోజూ ఎండలో నిలబడి రాయి మీద రాయి పెట్టించింది ఎష్, ఫలకం మీద పేరు ఎమర్సన్‌ది. హైదరాబాద్ వచ్చేసరికి ఫలకం మీద పేరు ఎష్‌ది అయ్యింది, ఎండలో నిలబడే చోటులోకి మెహర్ అలీ ఫాజిల్ వచ్చారు. కలకత్తాలో ఎష్‌కి పేరు రాలేదని బాధపడితే హైదరాబాద్‌లో ఫాజిల్‌కి కూడా అంతే బాధపడాలి కదండీ. నేనైతే ఎష్‌ని ఆ ముందు చోటు నుంచి చూసే ఇష్టపడతాను, సైటు మీద చెమటోడ్చిన మనిషిగా.

---

ట్యాంక్‌బండ్_సాయంత్రం:
ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ కూడా ఈయనదే కదా? అసెంబ్లీ కూడా అని ఎక్కడో విన్నా.

---

మూసీ_పాత_బొమ్మలు:
కాదండి, రెండూ కాదు, ఇది చాలామంది కలిపేస్తారు. అసెంబ్లీ అంటే పాత టౌన్ హాల్, 1905లో మొదలై 1913కి అయిపోయింది, ఎష్ హైదరాబాద్ రాకముందే. ఆర్ట్స్ కాలేజీ ఎష్ వెళ్లిపోయాక. యూనివర్సిటీ క్యాంపస్ కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అని మన ఇద్దరు ఇంజినీర్లని దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు, వాళ్లు ఈజిప్టులో ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్ట్‌ని పట్టుకున్నారు. 1934లో పునాది, 1939 డిసెంబరులో ప్రారంభం. ఆ జైన్ యార్ జంగ్‌ది వేరే పెద్ద కథ, 1948లో హైదరాబాద్ తరఫున ఢిల్లీలో ఏజెంట్ జనరల్‌గా ఉన్నది ఆయనే, కట్టడాల మనిషి అంత గడ్డు కాలంలో రాయబారం నడపాల్సొచ్చింది. దాని గురించి ఎవరైనా వేరే పోస్టు పెడితే నేను రాస్తా.

అఫ్జల్‌గంజ్ ఆసఫియా లైబ్రరీ కూడా ఎష్‌ది కాదు, అది 1930ల్లో కట్టింది.

---

గానుగ_సున్నం:
నేను సివిల్ ఇంజినీర్‌ని, పాత కట్టడాల రిపేర్ పనులు చేస్తాను, పన్నెండేళ్లైంది ఈ ఫీల్డ్‌లోకి వచ్చి. పాప ప్రశ్నకి నా వైపు నుంచి చెప్తాను.

హైకోర్టు వాళ్లు చెప్పే చరిత్ర ప్రకారం ప్లాన్ జైపూర్ శంకర్‌లాల్‌ది, అమలు చేసింది ఇక్కడి ఇంజినీరు మెహర్ అలీ ఫాజిల్. ఆర్కిటెక్చర్ వాళ్ల రాతల్లో ఎష్ ఉంటాడు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకునే మాటలని నేను అనుకోను. అంత పెద్ద బిల్డింగ్‌కి ఒక్క మనిషి గీసిన ఒక్క బొమ్మ ఉండదు, మొత్తం రూపం ఒకరు తేలుస్తారు, ఆ కమాను మీద పువ్వు ఎన్ని రేకులు ఉండాలో, ఛజ్జా (గోడ మీంచి బయటికి వచ్చే రాతి చూరు) కింద బ్రాకెట్ ఎంత బయటికి రావాలో ఇంకొకరు అసలు సైజులో గీసి రాతిపనివాళ్లకి ఇస్తారు. జైపూర్‌లో స్వింటన్ జాకబ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు పాత రాజస్థానీ కట్టడాల ముక్కలన్నీ కొలిపించి గీయించి 1890 నుంచి పుస్తకాలుగా వేశాడు, ఆ పనితో అక్కడి డ్రాఫ్ట్స్‌మెన్‌కి దేశమంతా పేరొచ్చింది. హైకోర్టు ఛత్రీలు (స్తంభాల మీద గొడుగుల్లా నిలబడే చిన్న గుమ్మటాలు), ఆ బాల్కనీలు చూసినప్పుడు నాకు జైపూర్ గుర్తొస్తుంది, మధ్యలో ఆ పెద్ద కమాను చూస్తే మొగలాయీ గుర్తొస్తుంది, గుమ్మటాలు చూస్తే మన కుతుబ్‌షాహీలు. రాయి మాత్రం ఇక్కడిదే, గులాబీ రంగు గ్రానైటు, దానికి ఎర్ర ఇసుకరాయి తోడు. గ్రానైటు మెత్తటి రాయి కాదు, ఇసుకరాయి మీద చెక్కినంత సన్నగా దాని మీద చెక్కలేం, అందుకే గోడ గ్రానైటు, నగిషీ ఇసుకరాయి. అది అందం కోసం మాత్రమే చేసింది కాదు, చేతికి ఏ రాయి లొంగుతుందో తెలిసి చేసింది, అక్కడే నాకు ఆ మేస్త్రీలంటే గౌరవం.

ఉస్మానియా దవాఖాన ఇంకో రకం. దూరం నుంచి రాయిలా కనపడుతుంది గానీ ఆ గుమ్మటాల మీద, మీనార్ల మీద పనంతా గచ్చు. డంగు సున్నం అంటాం, సున్నాన్ని గానుగలో ఎద్దులతో రోజుల తరబడి రుబ్బించి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి, తడి ఆరకుండా చూసుకుంటూ పూత మీద పూత వేస్తారు. ఆ చేయి తిరిగినవాళ్లు చార్మినార్ చుట్టూ మూడు నాలుగు వందల ఏళ్లుగా ఉన్నవాళ్లే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి ఆ పని నేర్పలేదు, ఆ పని ఇక్కడ ఉందని చూసి దాన్ని నమ్మి తన బొమ్మలో చోటిచ్చాడు. కలకత్తాలో అదే మనిషి కట్టించినవి ఎక్కువగా యూరప్ పద్ధతివి. ఇక్కడికొచ్చాక చేయి మారింది, ఊరు మార్చింది. ఎష్ గొప్పతనం ఏంటి అంటే నేను అదే అంటాను.

పోరడు గారూ, పాపని ఆ గచ్చు ముక్కని చేత్తో తాకమనండి. రిపేర్ల సంగతికొస్తే నా గుండె మండేది ఒక్కదాని దగ్గరే, సిమెంటు. సున్నం గోడ గాలి పీల్చుకుంటుంది, తడి వస్తుంది పోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుపోయి రెండు మూడు వానాకాలాల్లో లోపలి గచ్చుని పొడి చేసేస్తుంది, పైకి మాత్రం నున్నగా బాగున్నట్టే ఉంటుంది. ఆ పగుళ్లలో కాకి రెట్టతో రావి గింజ పడిందంటే ఇక వేరు గుమ్మటంలోకి దిగుతుంది, పైన కొమ్మ నరికితే సరిపోదు, వేరు తీయాలి, తీసిన చోట మళ్లీ సున్నంతోనే కుట్టాలి. ఒక పాత బిల్డింగ్ మీద (పేరు వద్దులెండి) మేం ఒక్క వేరు తీయడానికి తొమ్మిది రోజులు కూర్చున్నాం.

2015లో దవాఖాన పడగొడతామన్నప్పుడు ఊరంతా గొడవ చేసింది మీకు గుర్తుండే ఉంటుంది. 2020 జూలైలో వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చాక పాత బిల్డింగ్‌కి తాళం పడింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త దవాఖానకి శంకుస్థాపన అయింది. రోగులకి కొత్త దవాఖాన కావాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు, వానకి మంచాల కింద నీళ్లు నిలిచే చోట వైద్యం చేయమనడం న్యాయం కాదు. కానీ ఖాళీ అయిన పాత బిల్డింగ్‌కి రోజూ కిటికీలు తెరిచే మనిషి ఒకడు ఉండాలి. మనుషులు తిరగని సున్నం కట్టడం, తిరిగే దానికంటే తొందరగా పోతుంది, ఇది నేను కళ్లారా చూసి చెప్తున్న మాట.

---

నయాపూల్_పోరడు:
అందరికి దండాలు, నిజంగ ఇంత చెప్తరని అనుకోలే. ఖరగ్‌పూర్ అన్నా, మీ మాట బిడ్డకు చదివి వినిపిచ్చిన, మా నాయన గూడ పక్కనే కూసోని విన్నడు, ఫాజిల్ పేరు విని "మరి గాయన ఫోటో ఎక్కడన్న ఉన్నదా" అని అడిగిండు. నేను చూడలే, ఎవరి దగ్గరన్న ఉంటే పెట్టుండ్రి.

గానుగ మేడం, మీరు గ్రానైటు ఇసుకరాయి ముచ్చట చెప్పినంక నాకు చిన్నప్పటిది ఒకటి గుర్తుకొచ్చింది, ఎండకాలం ఆ గోడకు వీపు ఆనిచ్చి కూసుంటే చల్లగ ఉండె, గ పువ్వులు చెక్కిన ఎర్రరాయి మాత్రం వేళ్లతోని రుద్దితె సన్నటి పొడి అంటుకునేది. అప్పుడు అది ఎందుకో తెల్వదు.

బిడ్డ ఇప్పుడు రాస్తున్నది ఇట్ల: కట్టిపిచ్చింది ఉస్మాన్ అలీ ఖాన్, గీసింది విన్సెంట్ ఎష్, శంకర్‌లాల్, నిలబెట్టింది మెహర్ అలీ ఫాజిల్, చెక్కింది పేర్లు రాయని మేస్త్రీలు. నాలుగు లైన్లు. టీచర్ ఒక్క పేరు అడిగితె ఏం చెప్పాలె అంటున్నది.

రెండు అడుగుతా ఇంక. ఎష్ తర్వాత ఏమైండు? కోర్టు నిజంగ పోతే గా బిల్డింగ్‌ల ఏం పెడ్తరు?

---

మూసీ_పాత_బొమ్మలు:
ఎష్ 1920ల్లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, సీవీఓ అని రాచ బిరుదు వచ్చింది, 1950లో చనిపోయాడు. అంటే 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోవడం ఆయన బతికుండగానే. 1952లో ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని జరిగిన ముల్కీ ఉద్యమంలో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి పిల్లలు చనిపోయారు, అది మాత్రం ఆయన పోయాక. తను గీసిన బడి అలాంటి చోటు అవుతుందని గీసేవాడికి ఎలా తెలుస్తుంది. సిటీ కాలేజీ ముందు నుంచి వెళ్లేటప్పుడు నాకు మొదట ఆ పిల్లలే గుర్తొస్తారు, కట్టడం తర్వాత.

కోర్టు సంగతి, 2024 మార్చి 27న రాజేంద్రనగర్ దగ్గర బుద్వేల్‌లో కొత్త హైకోర్టుకి శంకుస్థాపన అయింది, వంద ఎకరాలు ఇచ్చారు. పాతది హెరిటేజ్ కట్టడం, దాన్ని ముట్టుకోరు. నా కోరిక అయితే అందులో కోర్టే ఏదో ఒకటి ఉండాలి, మ్యూజియం చేస్తే వారానికోసారి తలుపు తీస్తారు. 2009 ఆగస్టులో అగ్నిప్రమాదం అయ్యి కొంత భాగం కాలినప్పుడు కూడా రిపేర్ చేసుకుని మళ్లీ అందులోనే కూర్చున్నారు, జనం ఉన్నారు కాబట్టి బాగుపడింది. గానుగ గారు చెప్పిన మాటే ఇది.

ఇంకొకటి, పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది కదా, అందులో హైకోర్టు వెండి నమూనా ఉంది, 1937 సిల్వర్ జూబ్లీకి నిజాంకి ఇచ్చింది. పాపకి బొమ్మ గీయడానికి అసలు బిల్డింగ్ కంటే అదే సులువు, చుట్టూ తిరిగి అన్ని వైపులా చూడొచ్చు.

---

ఖరగ్‌పూర్_తెలుగువాడు:
టీచర్ ఒక్క పేరు అడిగితే ఫాజిల్ పేరు రాయమనండి పాపని. మిగతా పేర్లు ఎక్కడో ఒకచోట ఉన్నాయి.

---

గానుగ_సున్నం:
నేనైతే ఆ నాలుగు లైన్లూ అలాగే ఉంచమంటాను. ఆదివారం పొద్దున ఏడింటికల్లా నయాపూల్ మీదికి రండి, ట్రాఫిక్ ఉండదు, ఎండ తూర్పు నుంచి ఏటవాలుగా పడి ఎర్రరాయి మీద చెక్కుడంతా నీడలతో విడివిడిగా కనపడుతుంది, తొమ్మిది దాటితే అంతా చదునైపోతుంది. నేను కూడా వస్తాను, డంగు సున్నం ముక్క ఒకటి, కరక్కాయ ఒకటి పట్టుకొస్తా పాపకి. పెద్దాయనని కూడా తీసుకురండి, ఏ కమాను కింద కూర్చునేవారో ఆయనే చూపిస్తారు.

---

నయాపూల్_పోరడు:
వస్తం మేడం. నాయన ఇప్పుడే బట్టలు ఇస్త్రీ చేయమన్నడు.